పీజెడ్‌టీ పూతకు సోల్ కలిపే ముందు జాగ్రత్తలు

పీజెడ్‌టీ అంటే లెడ్ జిర్కొనేట్ టైటనేట్ అనే ఫెర్రోఎలక్ట్రిక్ (విద్యుత్ క్షేత్రంతో తిప్పగల సహజ విద్యుత్ ధ్రువణం ఉన్న) సిరామిక్; సోల్ అంటే దాన్ని పొరగా పూసి కాల్చడానికి కలిపే ద్రవం. ముందు చేతుల సంగతి. ఇందులో వాడే ద్రావణి 2-మెథాక్సీఇథనాల్ చర్మంలోంచే ఒంట్లోకి ఇంకుతుంది, సంతానోత్పత్తికి చేటు. గర్భిణులు దీని దగ్గరికే రాకూడదు. పల్చటి నైట్రైల్ గ్లోవ్స్‌ను నమ్మకండి, బ్యూటైల్ రబ్బరువి తొడుక్కోండి. కలపడమంతా ఫ్యూమ్‌హుడ్‌లోనే (ఆవిర్లను బయటికి లాగేసే గూడు).

– లెడ్ అసిటేట్ ట్రైహైడ్రేట్‌లోని నీటిని ఇదే ద్రావణిలో సుమారు 124 డిగ్రీల దగ్గర మరిగించి, స్వేదనం చేసి తీసేయండి. ఇక్కడ తొందరపడితే టైటానియం ఐసోప్రొపాక్సైడ్ చుక్క పడగానే విరిగిన పాలలా తెల్లటి తరకలు తేలతాయి. ఆ సోల్‌ను వడకట్టి వాడాలని చూడకండి, పారబోయాల్సిందే.

– లెడ్ 10 శాతం ఎక్కువ తూచారా? పూతను ఫర్నేస్‌లో కాల్చేటప్పుడు 650 డిగ్రీల వద్ద కొంత ఆవిరవుతుంది. తక్కువైతే పైరోక్లోర్ అనే వేరే స్ఫటిక రూపం మిగులుతుంది, అది ఫెర్రోఎలక్ట్రిక్ కాదు. ఫర్నేస్‌కు ఎగ్జాస్ట్ తప్పనిసరి.

– తరకలు లేని మంచి సోల్‌ను వడకట్టే ఫిల్టర్ 0.2 మైక్రాన్. పొర మందమైతే పగుళ్లే.

– తుడిచిన టిష్యూలు కూడా లెడ్ వ్యర్థాల డబ్బాలోకే, సింకులోకి చుక్క కూడా పోకూడదు.