కొండ గొరిల్లాల్ని చూడ్డానికి పర్మిట్ ఎలా తీసుకోవాలి: ఉగాండా, రువాండా

కొండ గొరిల్లాల్ని అడవిలో చూడాలంటే ప్రపంచం మొత్తమ్మీద మూడే దేశాలు, ఉగాండా, రువాండా, డెమోక్రటిక్ రిపబ్లిక్ ఆఫ్ కాంగో. కాంగోలో విరుంగా పార్కు చుట్టుపక్కల గొడవలు తగ్గట్లేదు కాబట్టి ఆ దేశం సంగతి వదిలేసి మిగతా రెండిటి గురించే రాస్తున్నా. అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది ఒకటే, పర్మిట్ చేతికి రాకుండా ఫ్లైట్ టికెట్టూ హోటలూ ఏదీ బుక్ చేయొద్దు. మామూలు సఫారీకైతే గేటు దగ్గర టికెట్ కొనుక్కుని లోపలికెళ్ళొచ్చేమో గానీ ఇక్కడ కుదరదు, ఒక్కో గొరిల్లా కుటుంబం దగ్గరికి రోజుకి ఎనిమిది మంది టూరిస్టుల్నే పంపిస్తారు, అదీ ఒక్క గంట. ఆ లెక్క దాటి ఒక్కర్ని కూడా తీసుకోరు, తీసుకోకూడదు కూడా. 2018 నవంబర్‌లో వీటిని అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల లిస్టులోంచి తీసి, ఒక మెట్టు తక్కువ ప్రమాదం ఉన్న లిస్టులోకి మార్చారంటే ఇలాంటి కట్టుదిట్టమైన రూల్స్ కూడా అందుకు కారణమే. మొత్తం కలిపితే వెయ్యి పైచిలుకు మాత్రమే ఉన్నాయి మరి.

ఏ దేశం వెళ్ళాలో ముందు తేల్చుకోండి. రువాండాలో పర్మిట్ 1500 డాలర్లు, 2017 మే నుంచి ఇదే రేటు, అంతకుముందు 750 ఉండేది. ఉగాండాలో విదేశీయులకి 2024 జూలై నుంచి 800 డాలర్లు చేశారు, ఈ రేట్లు అప్పుడప్పుడూ మారుస్తుంటారు కాబట్టి కట్టే ముందు ఒకసారి చెక్ చేసుకోండి. రువాండాకి ఎక్కువ పెట్టి ఎందుకెళ్తారు అంటే దారి సుఖం, రాజధాని కిగాలిలో దిగితే మూడు గంటల్లోపే గొరిల్లాలుండే వాల్కనోస్ పార్కు దగ్గరికి చేరిపోవచ్చు. ఉగాండాలో ఎంటెబ్బే ఎయిర్‌పోర్టులో దిగి గొరిల్లాలుండే బ్విండి అడవికి రోడ్డు మీద పోవాలంటే దాదాపు పగలంతా కార్లోనే. దీనికో మధ్యేమార్గం ఉంది, కిగాలిలో దిగి గటూనా దగ్గరో సియానికా దగ్గరో బోర్డర్ దాటి బ్విండి దక్షిణం వైపుకి వెళ్ళిపోవడం. ఉగాండా రేటుకే అయిపోతుంది, ప్రయాణమూ తగ్గుతుంది. నన్నడిగితే ఇదే బెస్ట్, కాకపోతే వీసా దానికి తగ్గట్టు తీసుకోవాలి, అది కింద చెప్తా.

ఉగాండాలో పర్మిట్ ఇచ్చేది ఉగాండా వైల్డ్‌లైఫ్ అథారిటీ, అంటే ప్రభుత్వ సంస్థే. రెండు దారులున్నాయి, డైరెక్ట్‌గా వాళ్ళ రిజర్వేషన్ ఆఫీసు ద్వారా తీసుకోవడం, లేదా అక్కడ రిజిస్టర్ అయిన టూర్ ఆపరేటర్‌తో తీయించుకోవడం. ఎక్కువమంది రెండోదే చేస్తారు, ఎందుకంటే ఎలాగూ బండీ డ్రైవరూ కావాలి. ఎవరి ద్వారా వెళ్ళినా అడిగేవి అవే, ఏ తేదీ, ఏ సెక్టార్ (అంటే పార్కులో ఏ భాగం), ఎంతమంది, ప్రతి ఒక్కరి పూర్తి పేరు, జాతీయత, పాస్‌పోర్టు నంబరు, పాస్‌పోర్టులో ఫొటో ఉన్న పేజీ స్కాన్ కాపీ. ముందు ఖాళీ ఉందా అని అడగండి, ఉందన్నాకే డబ్బు కట్టండి, డబ్బు అందాకే పర్మిట్ ఖాయమైనట్టు, హోల్డ్‌లో పెట్టాం అంటే అది పర్మిట్ కాదు. ఆపరేటర్ తీస్తుంటే మీ పేరుతో ఉన్న పర్మిట్ కాపీ పంపమని అడగండి, మొహమాటపడొద్దు, మీరు కట్టేది చిన్న మొత్తం కాదు.

పేరు దగ్గర మనవాళ్ళకి ఎప్పుడూ ఉండే చిక్కే. ఇంటిపేరు ఎక్కడుంది, ఇనీషియల్ విడగొట్టి రాసిందా లేదా అని చూసుకుని పాస్‌పోర్టులో ఎలా ఉందో అక్షరం కూడా మారకుండా అలాగే ఇవ్వండి, ట్రెక్ రోజు పొద్దున్నే పాస్‌పోర్టూ పర్మిటూ పక్కపక్కన పెట్టి చూస్తారు. వయసు కూడా చూస్తారు, 15 ఏళ్ళు నిండని పిల్లల్ని రెండు దేశాల్లోనూ రానివ్వరు, పిల్లల జలుబూ దగ్గూ గొరిల్లాలకి తేలిగ్గా అంటుకుంటాయన్నది దీనికో కారణం.

ఇక సెక్టార్ విషయం, దీన్ని చాలామంది పట్టించుకోరు గానీ అసలు ప్లాన్ అంతా దీని మీదే నడుస్తుంది. బ్విండిలో నాలుగు సెక్టార్లు, ఉత్తరాన బుహోమా, తూర్పు వైపు రుహీజా, దక్షిణాన రుషాగా, న్కురింగో. మ్యాప్‌లో చూస్తే పక్కపక్కనే ఉన్నట్టుంటాయి, కానీ మధ్యలో కొండలు, మట్టి రోడ్లు, ఒక సెక్టార్ నుంచి ఇంకోదానికి గంటలు పడుతుంది. మీ పర్మిట్ రుషాగాది అయ్యుండి రూమ్ బుహోమాలో తీసుకుంటే పొద్దున్నే బ్రీఫింగ్‌కి, అంటే బయల్దేరే ముందు రూల్స్ చెప్పే మీటింగ్‌కి, అందుకోవడం జరగని పని. అందుకే పర్మిట్ మీద సెక్టార్ పేరు చూశాకే రూమ్. కిగాలి వైపు నుంచి వచ్చేవాళ్ళకి రుషాగా, న్కురింగో దగ్గర. బుహోమాలో టూరిజం 1993లోనే మొదలైంది, ఎంటెబ్బే నుంచి వచ్చేవాళ్ళు ఎక్కువ అటే వెళ్తారు. మ్గహింగా అనే చిన్న పార్కు ఇంకోటుంది, అక్కడ టూరిస్టులకి చూపించే కుటుంబం ఒక్కటే, కాబట్టి పర్మిట్లు బాగా తక్కువ. గంట సరిపోదు అనుకునేవాళ్ళకి రుషాగాలో హాబిట్యుయేషన్ అని వేరే పర్మిట్ ఉంది, మనుషులకి ఇంకా పూర్తిగా అలవాటుపడని కుటుంబంతో నాలుగు గంటల వరకు ఉండొచ్చు, రేటు మాత్రం మామూలు దానికి డబుల్ దాటుతుంది.

రువాండాలో పర్మిట్ రువాండా డెవలప్‌మెంట్ బోర్డు ఇస్తుంది, వాళ్ళ అఫీషియల్ సైట్లోనే తేదీ ఎంచుకుని ఆన్‌లైన్‌లో కట్టేయొచ్చు, పని సులువు. అక్కడ సెక్టార్ల గొడవ లేదు, అందరూ పొద్దున 7 గంటలకల్లా కినిగిలోని పార్కు ఆఫీసుకి రావాలి, అక్కడే మీ వయసూ ఓపికా చూసి ఏ కుటుంబం దగ్గరికి పంపాలో తేలుస్తారు. ఎక్కువ నడవలేను అనుకుంటే అప్పుడే గైడ్‌కి చెప్పేయండి.

ఎప్పుడు అప్లై చేయాలి అంటే, జూన్ నుంచి సెప్టెంబర్, డిసెంబర్ నుంచి ఫిబ్రవరి వర్షాలు తక్కువ కాబట్టి గిరాకీ అప్పుడే, ఆ నెలలకైతే కనీసం ఆర్నెల్ల ముందు చూసుకోండి. మార్చి నుంచి మే వరకు వానలు, బురద, జారుడు, కానీ పర్మిట్లు తేలిగ్గా దొరుకుతాయి, అయినా అది వాన పడే అడవే, ఏ నెలలో వెళ్ళినా రెయిన్‌కోట్ ఉండాల్సిందే.

పర్మిట్ వచ్చాక వీసా. ఉగాండా ఒక్కటే అయితే ఈ-వీసా, సింగిల్ ఎంట్రీ 50 డాలర్లు, ఫొటో, పాస్‌పోర్టు పేజీ, ఎల్లో ఫీవర్ సర్టిఫికెట్ అప్‌లోడ్ చేయాలి. కిగాలిలో దిగి బోర్డర్ దాటే ప్లాన్ ఉన్నవాళ్ళు ఈస్ట్ ఆఫ్రికా టూరిస్ట్ వీసా చూడండి, 100 డాలర్లు, 90 రోజులు, కెన్యా ఉగాండా రువాండా మూడిటి మధ్యా అటూ ఇటూ తిరగొచ్చు, కానీ ఏ దేశం ఇస్తే ముందు ఆ దేశంలోనే దిగాలి, అంటే కిగాలిలో దిగేవాళ్ళు రువాండాకే అప్లై చేయాలి. ప్రభుత్వ సైట్‌లా కనిపించే ప్రైవేట్ సైట్లు బోలెడున్నాయి, ఫీజు మీద ఇంకో ఫీజు లాగుతాయి, అడ్రస్ చివర దేశం కోడూ ప్రభుత్వ గుర్తూ ఉన్నాయో లేదో చూసే వివరాలు నింపండి.

ఎల్లో ఫీవర్ టీకా విషయంలో ఆలస్యం చేయొద్దు. టీకా వేసుకున్న పదో రోజు నుంచే సర్టిఫికెట్ చెల్లుతుంది, ప్రతి ఆస్పత్రిలో వెయ్యరు, ప్రభుత్వం గుర్తించిన సెంటర్లలోనే వేస్తారు, అక్కడ అపాయింట్‌మెంట్ దొరకడానికి టైమ్ పట్టొచ్చు. ఒకసారి వేసుకుంటే 2016 నుంచి ఉన్న రూల్ ప్రకారం జీవితాంతం చెల్లుతుంది. ఉగాండా నుంచి ఇండియాకి తిరిగొచ్చేటప్పుడు కూడా ఆ సర్టిఫికెట్, అంటే పసుపు కార్డు, అడుగుతారు, లేకపోతే క్వారంటైన్‌లో పెట్టే అధికారం వాళ్ళకుంది, కాబట్టి చెక్-ఇన్ లగేజీలో కాకుండా చేతి బ్యాగులో పెట్టుకోండి.

ట్రెక్ రోజు తీసుకెళ్ళాల్సినవి పర్మిట్, ఒరిజినల్ పాస్‌పోర్టు, మాస్కు. గొరిల్లాలు ఏ రాత్రికారాత్రి కొత్త గూడు వేసుకుంటాయి, అందుకే ట్రాకర్లు మనకన్నా ముందే బయల్దేరి నిన్నటి గూళ్ళ దగ్గర్నుంచి జాడ పట్టుకుంటూ పోతారు, ఒక్కోసారి గంటలో కనిపిస్తాయి, ఒక్కోసారి నాలుగైదు గంటలు ఎక్కాలి. బ్యాగు మోసే పోర్టర్‌ని ఒకర్ని పెట్టుకోండి, మీకు ఓపిక ఉన్నా సరే, వాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే, అడవి బతికుంటేనే తమకి పని ఉంటుందని వాళ్ళకి తెలుసు. అసలు నడవలేని పెద్దవాళ్ళుంటే నలుగురు మోసుకెళ్ళే కుర్చీ కూడా ఉంది, బ్విండిలో దాన్ని హెలికాప్టర్ అంటారు, ముందురోజే చెప్పుకోవాలి, దానికి డబ్బు వేరే.

పది మీటర్ల దూరం, ఫ్లాష్ వద్దు, దగ్గొస్తే మొహం పక్కకి తిప్పుకుని మోచేతిని అడ్డం పెట్టుకోవడం, ఇవన్నీ బ్రీఫింగ్‌లో చెప్తారు. జలుబో జ్వరమో ఉంటే మాత్రం దయచేసి దాచకండి. మనుషుల ఊపిరితిత్తుల జబ్బులు వాటి ప్రాణం తీసేంత ప్రమాదం, ఒక్కరి దగ్గుతో కుటుంబం మొత్తానికి అంటుకోవచ్చు. ఒంట్లో బాగాలేక ఆగిపోతే ఎంత తిరిగిస్తారు, తేదీ మార్చుకోవచ్చా, ఎన్ని రోజుల ముందు చెప్పాలి అనే షరతులు డబ్బు కట్టేముందే రాతపూర్వకంగా తీసుకోండి.