స్టెంట్ వేశాక జ్వరం వస్తే: ముందు కల్చర్, తర్వాతే యాంటీబయాటిక్

స్టెంట్ అంటే రక్తనాళం మూసుకుపోకుండా లోపల పెట్టే సన్నటి లోహపు జాలి. గుండెకు వేసిన స్టెంటుకైనా, కాలి రక్తనాళంలో వేసినదానికైనా ఇన్ఫెక్షన్ సోకడం చాలా అరుదు. సోకితే మాత్రం ప్రాణం మీదికొస్తుంది. చాలాసార్లు కారణం చర్మం మీద ఉండే స్టాఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా. స్టెంట్ వేయడానికి గజ్జలోనో మణికట్టు దగ్గరో గొట్టం పెట్టిన చోటి నుంచి రక్తంలోకి చేరి, లోహానికి అంటుకుని పొర కట్టేస్తుంది. ఆ పొరలోకి మందు సరిగా దిగదు. రక్తనాళం గోడ దెబ్బతిని ఉబ్బి, పగిలిపోవచ్చు కూడా.

విశాఖలో స్టెంట్ వేయించుకుని పలాసకో బొబ్బిలికో ఇంటికొచ్చాక, గాయాన్ని రోజూ వెలుతురులో చూడండి. సబ్బు నీళ్లతో మెల్లగా కడిగి, పొడిగా ఒత్తి తుడవాలి. పసుపు, నూనె, ఆకు పసరు ఏవీ వద్దు. పూర్తిగా మానేదాకా చెరువు స్నానం, వరి మడిలో దిగడం మానుకోండి. గజ్జలో గొట్టం పెట్టి ఉంటే వారం పాటు బరువులెత్తొద్దు. కమిలిన నలుపు, బఠాణీ గింజంత గడ్డ మామూలే. గడ్డ పెరుగుతున్నా, వేలు పెడితే నాడిలా కొట్టుకుంటున్నా, చీము కారినా, ఎరుపు పాకినా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. కాలి స్టెంటయితే అదే పాదం మీద సన్నటి ఎర్రచుక్కలు, నొప్పి కనిపించినా అంతే.

జ్వరం 100.4 డిగ్రీలు (ఫారెన్‌హీట్) దాటినప్పుడు, చలితో వణుకు పుట్టినప్పుడు అసలు తప్పు జరుగుతుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర విడాల్ పరీక్ష చేయించి, టైఫాయిడ్ అనుకుని, మూడు రోజులు సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు వేయించేస్తారు. జ్వరం కాస్త తగ్గుతుంది, క్రిమి మాత్రం లోపలే ఉంటుంది. ఆ తర్వాత కల్చర్ (రక్తంలోని క్రిమిని ల్యాబులో పెంచి అదేమిటో గుర్తించే పరీక్ష) చేసినా ఏమీ పెరగకపోవచ్చు. అందుకే యాంటీబయాటిక్ మొదలవకముందే వేర్వేరు చోట్ల నుంచి రెండు మూడు సెట్లు బ్లడ్ కల్చర్ తీయమని అడగండి. పెద్దవాళ్లకు ఒక్కో సెట్టుకు రెండు సీసాలు, సుమారు 20 మిల్లీలీటర్ల రక్తం. మలేరియా, డెంగ్యూ పరీక్షలు దాంతో పాటే చేయించవచ్చు, దానికి బదులుగా కాదు. మనిషి మగతగా ఉన్నా, బీపీ పడిపోయినా, ఛాతీ నొప్పి వచ్చినా 108కి ఫోన్ చేయండి. అప్పుడు కల్చర్ కోసం మందు ఆలస్యం కాకూడదు.

డిశ్చార్జ్ సమ్మరీ చేతిలో పెట్టుకుని, స్టెంట్ ఏ తేదీన, ఎక్కడ వేశారో ముందే చెప్పండి. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో డయాలసిస్ మీదున్నవారు మెడలో క్యాథెటర్ (డయాలసిస్ గొట్టం) ఉంటే అదీ చెప్పాలి. క్రిమి అక్కడి నుంచి కూడా రావచ్చు. సీటీ యాంజియోకు (రక్తనాళాల స్కానుకు) ముందు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు) రిపోర్టు చూపించండి.

జ్వరానికి పారాసిటమాల్ చాలు, డైక్లోఫెనాక్ వద్దు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రం డాక్టరు చెప్పకుండా ఒక్క పూట కూడా ఆపకండి, స్టెంటులో రక్తం గడ్డ కట్టవచ్చు. ఇన్ఫెక్షన్ అని తేలితే సాధారణంగా 4 నుంచి 6 వారాలు సిర ద్వారా మందు ఎక్కించాలి, కొందరికి ఆపరేషన్ తప్పదు. జ్వరం తగ్గింది కదా అని మధ్యలో డిశ్చార్జ్ అడగొద్దు.