ఋతుచర్య – 4వ పాఠం: వానాకాలం నుంచి శరత్తులోకి దిగడం

పోయిన పాఠంలో వానాకాలపు తిండి గురించి చెప్పుకున్నాం. ఆ రెండు నెలలూ వేడివేడిగా, కాస్త పులుపూ ఉప్పూ నూనే తగిలేలా తిన్నాం. ఆ అలవాటును ఇప్పుడు మెల్లగా దించుకోవాలి.

ఎందుకంటే శరదృతువు, అంటే ఆశ్వయుజ, కార్తీక మాసాలు, పైకి చల్లగా కనిపించినా మొదట్లో ఎండ చురుక్కుమంటుంది. వానల్లో ఒంట్లో పేరుకున్న పిత్తం ఆ ఎండకు రేగుతుందని ఆయుర్వేదం చెబుతుంది. పుల్లటి తేన్పులు, కళ్ల మంట, ఊరికే చిరాకు మొదలైతే ఇదేనేమో చూసుకోండి. అందుకే ఈ ఋతువుకు చేదు, తీపి, వగరు రుచులు చెప్పారు.

అయితే ఒక్కసారిగా మారకండి. నేను ఒక ఏడాది ఆవకాయ, పులుసు ఒకే రోజు మానేశాను. వారం తిరక్కుండానే నోరు పీకి, అంతకు రెట్టింపు తిన్నాను. పెద్దలు దీనికి ఋతుసంధి అని ఒక దారి చూపారు: పాత ఋతువులో చివరి ఏడు రోజులు, కొత్త ఋతువులో మొదటి ఏడు రోజులు. పాత అలవాటు పావు పావుగా తగ్గాలి, కొత్తది పావు పావుగా పెరగాలి.

మనకు ఈ లెక్క చాలా తేలిక. మహాలయ అమావాస్యకు వారం ముందు మొదలుపెట్టండి. తెలంగాణలో ఎంగిలిపూల బతుకమ్మ ఆడేది ఆ అమావాస్య నాడే. ఆ పండగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ వచ్చేసరికి మీ మార్పు పూర్తవుతుంది. చారులో నిమ్మకాయంత చింతపండు వేసేవాళ్లు మొదటి మూడు, నాలుగు రోజులు అందులో పావు వంతు తీసేయండి. తర్వాత ఇంకో పావు. సగానికి వస్తే చాలు, అక్కడ ఆగండి. సద్దుల నాడు పులిహోర మాత్రం హాయిగా తినండి, పండగ పండగే.

తగ్గించిన చోట ఏదో ఒకటి పెట్టాలి కదా. ఈ వారం పొట్లకాయ పెసరపప్పు కూర చేయండి. అర కప్పు పప్పు అరగంట నానబెట్టండి. పొట్లకాయ ముక్కలకు ఉప్పు రాసి పది నిమిషాలాగి గట్టిగా పిండండి. చెంచాడు నేతిలో ఆవాలు, జీలకర్ర, ఒక్క ఎండుమిరపకాయ, కరివేపాకు వేయించి, ముక్కలూ పప్పూ వేసి, కాసిని నీళ్లు చిలకరించి, సన్నసెగ మీద మూత పెట్టండి. పప్పు గింజ వేళ్ల మధ్య నలగాలి, కానీ ముద్ద కాకూడదు. దించేముందు పచ్చికొబ్బరి కోరు వేయండి. కారం పొడి అక్కర్లేదు, ఆ కమ్మదనమే మనకు కావాల్సింది.

రాత్రి పెరుగు బదులు పల్చటి మజ్జిగ పోసుకోండి. మధ్యాహ్నం ఎండలో తిరగకండి, పగటి నిద్ర వద్దు. మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడిగి మార్చుకోండి.

సాయంత్రం పొద్దుగుంకాక ఫోన్ లోపల పెట్టేసి, అరగంట డాబా మీద కూర్చోండి, అమావాస్య దాటాక వెన్నెల్లో. ఇదీ పాఠంలో భాగమే, వదలకండి.

అభ్యాసం: పద్నాలుగు రోజులూ ఒక నోట్‌బుక్‌లో రెండే రాయండి. ఈ రోజు పులుపు ఎంత తిన్నాను, రాత్రి కడుపు ఎలా ఉంది. కార్తీకంలో ఉసిరి గురించి చెప్పే 5వ పాఠానికి ఆ నోట్‌బుక్ దగ్గర పెట్టుకోండి.