డిస్కుల కంటే ముందు ప్లేటు చూడండి

విరేచనాల శాంపిల్‌లో షిగెల్లా అనే బ్యాక్టీరియా పెరిగింది, ఏ మందుకు లొంగుతుందో తేల్చాలి. ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లు నేరుగా డిస్కుల (మందు పట్టించిన చిన్న కాగితం బిళ్లల) డబ్బా తీస్తారు. నేను ముందు ప్లేటు ఎత్తి పక్కనుంచి చూడమంటాను.

కారణం ఉంది. ఒకసారి మీడియా చాలదని, బ్యాక్టీరియాని పెంచే జెల్లీ లాంటి ముల్లర్ హింటన్ అగార్‌ని ప్లేటులో పల్చగా పోశాను. మర్నాడు ఏ డిస్కు చుట్టూ చూసినా పెద్ద జోనే (బ్యాక్టీరియా పెరగని ఖాళీ వలయం)! కంట్రోల్‌గా, అంటే జోన్ ఎంత రావాలో ముందే తెలిసినదిగా పెట్టిన ఈ. కోలై 25922 బ్యాక్టీరియాకి సెఫ్ట్రియాక్సోన్ మందు జోన్ 29–35 మి.మీ. మధ్య రావాలి, 38 వచ్చింది. అది చూసి రిపోర్టు ఆపాను. అగార్ 4 మి.మీ. మందం ఉండాలి. 90 మి.మీ. ప్లేటుకి 25 మి.లీ. పడుతుంది.

కాలనీలను, శాంపిల్‌ని మొదట పెంచిన ఎక్స్‌ఎల్‌డి అగార్ మీద నుంచి నేరుగా తీయకండి. న్యూట్రియంట్ అగార్ మీద ఒక రాత్రి పెంచి, నాలుగైదు కాలనీలు సెలైన్‌లో కలపండి. ఎంత మసకగా ఉండాలో చూపే మెక్‌ఫార్లాండ్ 0.5 ట్యూబు పక్కన పెట్టి, రెండిటి వెనక నల్ల గీతల కార్డు పట్టుకోండి. గీతలు రెండిట్లో ఒకేలా మసకగా కనబడాలి. పల్చనైతే జోన్ పెరుగుతుంది, చిక్కనైతే తగ్గుతుంది.

15 నిమిషాల్లోపే స్వాబ్ ముంచి, ట్యూబు గోడకి నొక్కి పిండి, ప్లేటు తిప్పుతూ మూడు దిక్కులా పూయండి. ఫ్రిజ్‌లోంచి తీసిన డిస్కుల డబ్బా గది వేడికి వచ్చాకే మూత తీయాలి, లేకపోతే చెమ్మ పడుతుంది. 90 మి.మీ. ప్లేటు మీద నేను ఐదుకి మించి పెట్టను. వంకరగా పడినా జరపకండి, మందు అప్పటికే అగార్‌లోకి దిగి ఉంటుంది. తర్వాత బోర్లించి 35 డిగ్రీల్లో 16–18 గంటలు.

షిగెల్లా పదుల సంఖ్యలో లోపలికి వెళ్లినా జబ్బు చేస్తుంది. గ్లోవ్స్ తీసి చేతులు కడిగేదాకా ఫోన్ ముట్టుకోకండి.

మర్నాడు నల్లటి గుడ్డ మీద ప్లేటు బోర్లా పెట్టి, వెనకనుంచి స్కేలుతో కొలవండి. కోట్రైమోక్సజోల్ చుట్టూ పల్చటి పొర లాంటిది కనిపిస్తే వదిలేసి, అసలు అంచు కొలవండి. అంకెల్ని, ల్యాబ్ ప్రమాణాలు ఇచ్చే సంస్థ సీఎల్‌ఎస్‌ఐ ఆ ఏటి పట్టికతోనే పోల్చండి, గోడకి అంటించిన పాత జిరాక్స్‌తో కాదు.

జెంటామైసిన్‌కి జోన్ ఎంత పెద్దదొచ్చినా షిగెల్లా, సాల్మొనెల్లాలకి ‘పనిచేస్తుంది’ అని రాయకండి. ప్లేటు మీద చంపుతుంది కానీ రోగి ఒంట్లో పనిచేయదు. ఓ డాక్టరుగారు ఫోన్ చేసి, "జెంటా రాయలేదేంటి, మర్చిపోయారా?" అన్నారు. "మర్చిపోలేదు సార్" అని ఇదే చెప్పాను.