ఆటోక్యాడ్‌లో ఇంటి ప్లాన్ మార్పులు త్వరగా తేల్చాలంటే

కంప్యూటర్‌లో ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్ ఆటోక్యాడ్‌లో స్పీడ్ అనగానే అందరూ షార్ట్‌కట్ల లిస్ట్ అడుగుతారు. అవీ కావాలి. కానీ 150 గజాల స్థలంలో ఇంటి ప్లాన్ గీయడం ఒక ఎత్తు, ఓనర్ దాన్ని వాస్తు చూసేవాళ్లకు చూపించి వచ్చి "వంటగది ఆగ్నేయానికి జరపాలి, హాలు ఇంకో అడుగు పెంచండి" అన్నాక సరిచేయడం ఇంకో ఎత్తు. అసలు టైమంతా అక్కడే పోతుంది. అందుకని మార్పులు ఎలాగూ వస్తాయని లెక్కేసుకునే మొదటి గీత గీయండి.

యూనిట్లు, లేయర్లు (ఒక్కో రకం గీతల్ని విడిగా ఉంచే పొరలు), డైమెన్షన్ స్టైల్ (కొలతలు కనిపించే తీరు), టైటిల్ బ్లాక్ (షీటు మీద వివరాల పెట్టె), ప్రింట్ సెట్టింగ్ అన్నీ పెట్టి ఒక టెంప్లేట్ (డీడబ్ల్యూటీ ఫైల్) సేవ్ చేసుకోండి, ప్రతి కొత్త పనీ దాంట్లోంచే మొదలుపెట్టండి. రంగు, లైన్‌టైప్ బైలేయర్‌లోనే (లేయర్‌కు ఏది ఇస్తే గీతకూ అదే) ఉంచాలి. ఒక్కో గీతకు విడిగా రంగు ఇచ్చుకుంటూ పోతే ప్రింట్ తీసే రోజున ఏ గీత ఎందుకు మందంగా వచ్చిందో వెతుక్కోవాల్సి వస్తుంది.

తలుపులు, కిటికీలు, కమోడ్, సింక్ ఇవన్నీ బ్లాకులుగానే (ఒక పేరుతో కట్టేసి పదే పదే వాడుకునే బొమ్మలుగా) ఉండాలి. బ్లాకులో వస్తువుల్ని లేయర్ 0 మీద గీస్తే, ఏ లేయర్‌లో ఇన్సర్ట్ చేస్తే ఆ లేయర్ రంగు తీసుకుంటాయి. బ్లాకును మార్చే కమాండ్ బీఎడిట్‌లో ఒక్కసారి మారిస్తే డ్రాయింగ్‌లో ఆ బ్లాకు ఉన్న చోటల్లా మారిపోతుంది. తలుపుకైతే డైనమిక్ బ్లాక్ చేసుకోండి, రెండున్నర అడుగులదీ మూడడుగులదీ మూడున్నరదీ అన్నీ ఒకే బ్లాకులో వచ్చేస్తాయి, ఎటు తెరుచుకోవాలో కూడా క్లిక్‌తో తిప్పొచ్చు.

ఇక గోడ జరపాలంటే చాలామంది ఎరేజ్ చేసి మళ్లీ గీస్తారు, అదే నాకు అర్థం కాదు. స్ట్రెచ్ (ఎస్) ఉంది కదా! ఎఫ్8తో ఆర్థో (నిలువుగా, అడ్డంగా మాత్రమే కదిలేలా చేసేది) ఆన్ చేసి, మౌస్‌ను కుడి నుంచి ఎడమకు లాగి గోడ చివర్లు పడేలా సెలెక్ట్ చేసి, దిక్కు చూపించి దూరం టైప్ చేస్తే చాలు. పూర్తిగా లోపల పడినవి జరుగుతాయి, సగం పడినవి సాగుతాయి. డిమ్‌అసోక్ (కొలతను గీతకు ముడిపెట్టే సెట్టింగ్) విలువ 2 ఉంటే డైమెన్షన్ అంకె కూడా దానంతటదే మారుతుంది. దయచేసి డైమెన్షన్ మీద అంకెను చేత్తో టైప్ చేయొద్దు: గీత ఒకటి, అంకె ఒకటి అయిపోతాయి, సైట్‌లో మేస్త్రి ఆ అంకెనే నమ్మి గోడ లేపేస్తాడు.

చేతుల సంగతికొస్తే, ఎడమ చెయ్యి కీబోర్డు మీద, కుడి చెయ్యి మౌస్ మీద. ఎంటర్ బదులు స్పేస్‌బార్, ఖాళీగా మళ్లీ కొడితే పాత కమాండే తిరిగి వస్తుంది. సీ కొడితే సర్కిల్ వస్తుంది, ప్లాన్ గీసేవాళ్లకు సర్కిల్‌తో పనెంత? ఎడిట్ ఎలియాసెస్‌లో పీజీపీ ఫైల్ (కమాండ్ల షార్ట్‌కట్లు ఉండే ఫైల్) తెరిచి సీని కాపీకి ఇచ్చేసుకోండి, తర్వాత ఆ మార్పు అమల్లోకి రావడానికి రీఇనిట్ కొట్టండి. రెండు గీతల్ని మూలలో కలిపే ఫిల్లెట్ (ఎఫ్)లో షిఫ్ట్ పట్టుకుని రెండో గీత నొక్కితే వ్యాసార్థం ఎంతున్నా మూల సూటిగా కలుస్తుంది, గోడల మూలలకు ఇంతకంటే సుఖం లేదు. అదనపు గీతను కత్తిరించే ట్రిమ్ 2021 వెర్షన్ నుంచి క్విక్ మోడ్‌లో (హద్దు గీతలు విడిగా ఎంచుకోకుండానే) పనిచేస్తుంది, పాత పద్ధతే అలవాటైనవాళ్లు ట్రిమ్‌ఎక్స్‌టెండ్‌మోడ్ 0 పెట్టుకోవచ్చు.

ఫైల్ బరువెక్కితే కంప్యూటర్‌ను తిట్టకండి. బయటినుంచి వచ్చిన సర్వే ఫైలు, ఫర్నిచర్ ఫైలు నేరుగా మీ డ్రాయింగ్‌లోకి పేస్ట్ చేస్తే వాటి లేయర్లు, స్టైళ్లు అన్నీ వెంట వచ్చేస్తాయి. ముందు ఆ ఫైలును విడిగా తెరిచి ఆడిట్ (తప్పులు సరిచేయడం), ఓవర్‌కిల్ (ఒకదానిమీద ఒకటి పడ్డ గీతలు తీసేయడం), పర్జ్ (వాడనివి తీసేయడం) చేసి, కావాల్సింది మాత్రమే తెచ్చుకోండి. పిల్లర్ల గ్రిడ్‌ను మాత్రం వేరే ఫైల్‌లో పెట్టి అన్ని అంతస్తులకూ ఎక్స్‌రెఫ్ చేయండి (అంటే పేస్ట్ చేయకుండా ఆ ఫైలును లింక్‌గా జోడించండి), స్ట్రక్చరల్ ఇంజనీరు ఒక పిల్లర్ జరిపితే ఒక్క ఫైలు మార్చి రీలోడ్ కొడితే అన్ని ఫ్లోర్లలోనూ జరుగుతుంది.

కరెంటు పోయినా, సాఫ్ట్‌వేర్ క్రాష్ అయినా డ్రాయింగ్ రికవరీ మేనేజర్ తెరిచి ఆటోసేవ్ ఫైల్ ఉందేమో చూడండి, సేవ్‌టైమ్ (ఎంతసేపటికోసారి ఆటోసేవ్ కావాలో చెప్పే సెట్టింగ్) మామూలుగా 10 నిమిషాలు ఉంటుంది, 5 చేసుకోండి. ఎక్స్‌రెఫ్‌లు ఉన్న డ్రాయింగ్ ఇంకొకరికి పంపేటప్పుడు ఈట్రాన్స్‌మిట్ వాడితే ఎక్స్‌రెఫ్‌లు, ప్రింట్ స్టైళ్లు, ఫాంట్లు అన్నీ ఒకే జిప్‌లో వెళ్తాయి. ఫాంట్లు చేర్చే ఆప్షన్ ఆన్‌లో ఉందో లేదో మాత్రం పంపే ముందు చూసుకోండి.