ఉద్యోగం గురించి ఇంగ్లీషులో – 4వ పాఠం: ఎక్కడ 'ఎట్', ఎక్కడ 'ఫర్'

కంపెనీలో, టెస్టింగ్‌లో, వైట్‌ఫీల్డ్‌లో, ప్రాజెక్టులో: మనకు అన్నిటికీ ఒక్క 'లో' చాలు. అందుకే బెంగళూరులో ఇంటర్వ్యూకి వెళ్లిన మనవాళ్ల నోట అన్నిటికీ 'ఇన్' వచ్చేస్తుంది.

ముందు జీతం ఎవరిస్తున్నారో చూడండి. ఇచ్చేవాళ్ల పేరు ముందు 'ఫర్', కూర్చుని పనిచేసే చోటు ముందు 'ఎట్'. చాలామందికి రెండూ ఒకటే కాబట్టి ఏదన్నా చెల్లుతుంది. చిక్కల్లా కాంట్రాక్టు ఉద్యోగులకే. కన్సల్టెన్సీ పేరోల్ మీద ఉండి క్లయింటు ఆఫీసుకు వెళ్లేవాళ్లు 'ఐ వర్క్ ఫర్ ఎ కన్సల్టెన్సీ, ఎట్ ది క్లయింట్స్ ఆఫీస్' అనాలి. క్లయింటు పేరు ముందు 'ఫర్' పెడితే అక్కడ పర్మనెంటనుకుంటారు. తర్వాత పే స్లిప్పులో వేరే పేరు కనబడితే సంజాయిషీ చెప్పుకోవాలి.

విభాగానికి, రంగానికి, ఊరికి, ఏరియాకి 'ఇన్': ఇన్ టెస్టింగ్, ఇన్ మారతహళ్లి. రోడ్డుకీ అంతస్తుకీ 'ఆన్': ఆన్ ఔటర్ రింగ్ రోడ్, ఆన్ ది ఫోర్త్ ఫ్లోర్. పేరు చెప్పకుండా 'ఇన్ ఎ బ్యాంక్' అంటే తప్పేం లేదు.

హోదాకి 'యాజ్'. వెంట 'ఎ' గానీ 'యాన్' గానీ ఉండాలి: యాజ్ ఎ టెస్టర్, యాజ్ యాన్ అకౌంటెంట్. చేస్తున్న ప్రాజెక్టుకి 'ఆన్': ఐయామ్ వర్కింగ్ ఆన్ ఎ పేమెంట్స్ యాప్. మేనేజర్ సంగతి వస్తే, 'అండర్' కన్నా 'ఐ రిపోర్ట్ టు' నయం.

ఎక్కువ తప్పులు దొర్లేది ఏదీ అక్కర్లేని చోట. 'జాయిండ్ ఇన్ ది కంపెనీ' కాదు, 'జాయిండ్ ది కంపెనీ'. సంవత్సరం ముందు మాత్రం 'ఇన్' కావాలి: ఐ జాయిండ్ ది కంపెనీ ఇన్ 2022. 'డిస్కస్' వెనక 'అబౌట్' కూడా దండగే. మానేస్తే 'రిజైన్డ్ ఫ్రమ్'.

ఇక 'మూడేళ్ల నుంచి'. 'ఐయామ్ వర్కింగ్ సిన్స్ త్రీ ఇయర్స్' అనడంలో తప్పులు రెండు. క్రియ 'ఐ హావ్ బీన్ వర్కింగ్' కావాలి. గడిచిన కాలానికి 'ఫర్ త్రీ ఇయర్స్', మొదలైన సమయానికి 'సిన్స్ 2022'.

అభ్యాసం: ఖాళీలు పూరించండి. ఒకటి ఖాళీగానే ఉండాలి, తొందరపడకండి.
ఐ వర్క్ ___ ఎ డిజైనర్ ___ ఎ స్టార్టప్ ___ కోరమంగళ.
షి జాయిండ్ ___ అవర్ టీమ్ ___ జూన్.

జవాబులు 5వ పాఠం మొదట్లో.