మానసిక ఆసుపత్రిలో రోగుల్ని ఎలా చూసుకుంటున్నారో తెలుసుకోవడం ఎలా?

మా తమ్ముడిని మొదటిసారి మానసిక ఆసుపత్రిలో చేర్చినప్పుడు నేను చూసింది మెరిసే నేల, గోడ మీద వేలాడే సర్టిఫికెట్లు. చూడటానికి వెళ్లిన ప్రతిసారీ వాడు "బాగానే ఉందక్కా" అనేవాడు. గుమ్మం దగ్గర అటెండర్ నిలబడి ఉండేవాడు. ఇంటికొచ్చాక స్నానానికి చొక్కా విప్పితే మణికట్ల మీద కట్టేసిన గుర్తులు కనిపించాయి. తర్వాత కొన్నేళ్లకు, ఆసుపత్రులను తనిఖీ చేసే బృందాల్లో కుటుంబ సభ్యుల తరఫున వెళ్లడం మొదలుపెట్టాను. అక్కడ నేర్చుకున్నది రాస్తున్నాను.

ఇలాంటి ఆసుపత్రులను తనిఖీ చేయడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో క్వాలిటీరైట్స్ అనే పద్ధతిని తెచ్చింది. వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన ఒడంబడిక దానికి ఆధారం. బృందంలో డాక్టర్లే కాదు, మానసిక జబ్బును స్వయంగా అనుభవించినవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు కూడా ఉండాలంటుంది. కళ్లతో చూడమంటుంది, మనుషులతో మాట్లాడమంటుంది, రికార్డులు చదవమంటుంది. నా మటుకు అసలు పరీక్ష ఆ మూడూ ఒకదానితో ఒకటి సరిపోతున్నాయా అనేదే.

చెప్పకుండా వెళ్లండి. కుదిరితే ఒకసారి రాత్రిపూట, ఒకసారి సెలవు రోజున. ముందు బాత్రూమ్ చూడండి. తలుపు ఉందా, గడియ ఉందా, ప్రమాదమైతే బయటి నుంచి సిబ్బంది తీయగలరా? పేషెంట్ సొంత బట్టలు వేసుకున్నాడా, తన వస్తువులు దాచుకోవడానికి తాళం వేసే చోటు ఉందా? ఆ తర్వాత మధ్యాహ్నం మూడింటికి వార్డులో ఒక మూల గంటసేపు కూర్చోండి. మందులు ఇవ్వడానికో, పని చెప్పడానికో కాకుండా సిబ్బంది ఎవరైనా ఒక పేషెంట్‌తో మామూలుగా ఎన్నిసార్లు మాట్లాడారో లెక్కపెట్టండి. ఒక వార్డులో గంటలో నేను విన్నది రెండే మాటలు. రెండూ "జరుగు, తుడవాలి" అనేవే.

పేషెంట్లతో మాట్లాడేటప్పుడు సిబ్బంది కనుచూపు మేరలో ఉండకూడదు. ముందు అనుమతి అడగండి. ఇష్టం లేదంటే వదిలేయండి. "బాగా చూసుకుంటున్నారా?" అని మాత్రం అడగకండి, జవాబు మా తమ్ముడు చెప్పిందే వస్తుంది. "నిన్న లేచిన దగ్గర్నుంచి ఏం చేశారు?" అనండి. వేసుకునే మాత్ర పేరేంటో, అది దేనికో తెలుసా అని అడగండి. "నచ్చనిది ఏదైనా ఉంటే ఎవరికి చెప్తారు? కిందటిసారి చెప్తే ఏమైంది?" అనే ప్రశ్న దగ్గర చాలామంది ఆగిపోతారు. తొందరపెట్టకండి. ఎవరు ఏం చెప్పారో సిబ్బందికి తెలియనివ్వకండి, మీరు వెళ్లిపోయాక వాళ్లు అక్కడే ఉండాలి.

రికార్డుల్లో నేను మొదట అడిగేది కట్టేసినప్పుడు, ఒంటరి గదిలో పెట్టినప్పుడు రాసే రిజిస్టర్. ఎందుకు కట్టారు, అంతకు ముందు ఏం ప్రయత్నించారు, ఎవరు ఆదేశించారు, ఎప్పుడు విప్పారు, మధ్యలో ఎవరెవరు వచ్చి చూశారు అన్నవన్నీ ఉండాలి. ఒక చోట ప్రతి పదిహేను నిమిషాలకూ "ప్రశాంతంగా ఉన్నాడు" అని రాసి ఉంది. ఒకే చేతిరాత, ఒకే ఇంకు. చదువుతూ కిందికి వెళ్తే చివరి వరుస 12.00. గోడ గడియారంలో అప్పటికి పదకొండూ ఇరవై. రిజిస్టర్ మూసి నేరుగా ఆ గదికి వెళ్లాం. ఆ అబ్బాయి నీళ్లు అడుగుతున్నాడు. రిజిస్టరే లేదని చెప్పే చోట ఇంకా జాగ్రత్తగా చూడండి.

మందుల ఫైళ్లు చూడటానికి డాక్టరే కానక్కర్లేదు. బైపోలార్ జబ్బుకు ఇచ్చే లిథియం వాడే మనిషికి రక్తంలో దాని మోతాదు పరీక్షించాలి, అదీ చివరి డోసు వేసుకున్న పన్నెండు గంటలకు. మందుల చార్టులో డోసు టైమునీ, ల్యాబ్ కాగితంలో రక్తం తీసిన టైమునీ పక్కపక్కన పెట్టి చూడండి. కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు కూడా ఉండాలి. స్కిజోఫ్రీనియాకు ఇచ్చే క్లోజపిన్ మొదలుపెట్టిన కొత్తలో వారం వారం తెల్లరక్తకణాల లెక్క చూడాలి. విరేచనం సరిగా అవుతోందో లేదో కూడా రాయాలి. ఆ మందుతో వచ్చే మలబద్ధకం ముదిరితే ప్రాణం మీదకు వస్తుంది. ఈసీటీ, అంటే జనం కరెంటు షాక్ అనేది, మత్తు మందు, కండరాలు సడలించే మందు ఇచ్చే చేయాలి. ఎనస్థీషియా నోట్సు, సమ్మతి పత్రం రెండూ అడగండి.

చివరగా, ఇటీవల డిశ్చార్జి అయిన పదిమంది ఫైళ్లు తీయించండి. ఇంటికి వెళ్లిన మొదటి వారాల్లో ఆత్మహత్య ప్రమాదం ఎక్కువ. అందుకే వారంలోపు ఎవరైనా వాళ్లతో మాట్లాడారా అన్నది చాలా ముఖ్యం. మా తమ్ముడు రెండోసారి ఉన్నది వేరే ఆసుపత్రిలో, అది పాత బిల్డింగు, గోడల నిండా పెచ్చులు. ఇంటికొచ్చిన మూడో రోజు అక్కడి నర్సు ఫోన్ చేసింది. నేను ఎత్తి వాడి సంగతులు చెప్పబోతే, "మీతో తర్వాత మాట్లాడతానమ్మా, ముందు ఆయనకివ్వండి" అంది. అలాంటి ఫోన్ ఎన్నో రోజున చేశారు, ఎవరు చేశారు, ఎవరితో మాట్లాడారు అని పది ఫైళ్లలోనూ వెతకండి.